విశ్వవిద్యాలయ ర్యాంకులు - విదేశీ విద్య

విశ్వవిద్యాలయ ర్యాంకులు అనగా పరిశోధన, పేరుప్రతిష్ఠలు వంటి కొలమానాలను బట్టి విశ్వవిద్యాలయాలకు ఇచ్చే వరుస స్థానాలు. విదేశాలలో చదువదలచిన తెలుగు విద్యార్థులకు హైదరాబాదు, సికింద్రాబాదులలోని కన్సల్టెన్సీలు సాధారణంగా చూపేది ఈ అంకెలనే.

చైనాలోని షాంఘై జియావో టాంగ్ విశ్వవిద్యాలయం 2003లో ప్రారంభించిన ప్రపంచ జాబితాలో 30 శాతం మార్కులు పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు పొందిన నోబెల్ బహుమతులు, ఫీల్డ్స్ పతకాలకే చెందుతాయి. ఎం.ఎస్. విద్యార్థికి పాఠం ఎవరు చెబుతారో, ఫీజు ఎంతో ఈ లెక్క తెలుపదు. కావున మొత్తం ర్యాంకు కంటే తాను చేరబోయే శాఖ ర్యాంకును చూచుట మేలు. కొన్ని జాబితాలలో అంకెలను విశ్వవిద్యాలయాలే సమకూరుస్తాయి. కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన అంకెలలోని తప్పులను అక్కడి గణితాచార్యుడు మైకేల్ థాడియస్ బయటపెట్టగా, 2022లో యు.ఎస్. న్యూస్ జాబితాలో అది 2వ స్థానం నుండి 18కి దిగినది.

ర్యాంకు కంటే ముందు చూడవలసినది గుర్తింపు. 2011 జనవరిలో అమెరికా అధికారులు కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయంపై దాడి చేసినపుడు చిక్కుకున్నవారిలో ఆంధ్ర ప్రదేశ్ విద్యార్థులే అధికం. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు కూడా కట్టారు. ఆ సంస్థకు విద్యార్థి వీసా పత్రాలిచ్చే అనుమతి ఉన్నది గాని, విద్యాప్రమాణాల గుర్తింపు (అక్రెడిటేషన్) లేదు. ఒక్కొక్కప్పుడు గుర్తింపు కూడా నమ్మదగినది కాదు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అమెరికా ప్రభుత్వమే పన్నిన వల. దాని పేరు గుర్తింపు పొందిన సంస్థల జాబితాలో ఉండెడిది. అయితే అక్కడ తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. అందులో నమోదైనవారిని అడిగి చూచినచో ఈ సంగతి తెలిసియుండేది.