గేరు మెత్తగా మారితే నష్టం ఎవరికి?

ఆటోమేటిక్ కారులో గేరు మారినట్టే తెలియకపోతే బండి బాగుందని, చిన్న కుదుపు తగిలితే ఎక్కడో ఏదో అరిగిందని అనుకోవడం మామూలే. అందులో సగమే నిజం. గేరు మారిన సంగతి మనకు తెలియకుండా ఉండాలంటే లోపలి క్లచ్ ప్లేట్లు కాసేపు ఒకదానిమీద ఒకటి జారాలి. ఆ జారుడంతా వేడిగా మారి, ప్లేట్ల పూతను కాలుస్తుంది, ఆయిల్‌ను పాడుచేస్తుంది. అంటే మన సుఖానికి ఖరీదు గేర్‌బాక్స్ చెల్లిస్తోందన్నమాట. అందుకే గేర్లు కాస్త గట్టిగా, త్వరగా మారేలా సవరించడాన్ని కుర్రకారు సరదాగా కొట్టిపారేయలేం. హద్దెరిగి చేస్తే అది గేర్‌బాక్స్ ఆయుష్షు పెంచే పని.

ఈ బేరం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. ఎర్ల్ థామ్సన్ నాయకత్వంలో రూపుదిద్దుకున్న హైడ్రామాటిక్‌ను జనరల్ మోటార్స్ 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లకోసం విడుదల చేసింది. అందులో రెండు గేర్ల సెట్లు ఒకదాని వెనుక ఒకటి ఉండేవి. రెండో గేరు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు ముందు సెట్టు పైనుంచి కిందికి దిగాలి, సరిగ్గా అదే క్షణంలో వెనుక సెట్టు కిందినుంచి పైకెక్కాలి. ఒక క్లచ్ వదలాలి, ఒక బ్యాండ్ (డ్రమ్మును చుట్టి బిగించే పట్టీ) పట్టాలి, మరో బ్యాండ్ వదలాలి, మరో క్లచ్ పట్టాలి. ఏ ఒక్కటి తడబడినా కుదుపే. ఆ కుదుపు నచ్చనివారికోసం బ్యూక్ 1948లో డైనాఫ్లో తెచ్చింది. డ్రైవ్‌లో పెట్టాక అది గేరే మార్చదు, పనంతా ఆయిల్ ద్వారా ఇంజన్ తోపును అందించే టార్క్ కన్వర్టర్‌దే. కుదుపు పోయింది, దాంతోపాటు చురుకూ పోయింది. ఇంజన్ హోరెత్తినా కారు తాపీగానే కదిలేది. డ్రాగ్ రేసులవాళ్లు మాత్రం హైడ్రామాటిక్‌నే పట్టుకున్నారు. కాలిఫోర్నియాలో 1953లో మొదలైన బీ అండ్ ఎం వంటి దుకాణాలు దాన్ని విప్పి, ఆయిల్ దారులు సవరించి, గేరు టక్కున పడేలా చేశాయి. తర్వాత వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 400, 350లకు ఈ సవరణ డబ్బాల్లో అమ్మే షిఫ్ట్ కిట్‌గా మారింది.

ఆ కిట్‌తో ఏం మారుతుందో చూడాలంటే ఆయిల్ పాన్ విప్పాలి. పైన వాల్వ్ బాడీ కనిపిస్తుంది: చెదపురుగు తొలిచిన చెక్కలాగా వంకర కాలువలు నిండిన లోహపు దిమ్మ. దానిమీద ఓ పల్చని ఉక్కు రేకు, ఆ రేకుకు లెక్కగా వేసిన రంధ్రాలు. క్లచ్‌ను నొక్కే ఆయిల్ ఆ రంధ్రాల గుండానే పోవాలి. రంధ్రం చిన్నదైతే ప్లేట్లు నిదానంగా బిగుస్తాయి. దారిలో అక్యుములేటర్ కూడా ఉంటుంది. అది స్ప్రింగు ఆనుకున్న పిస్టన్. ఒత్తిడి ఒక్కసారిగా పెరగబోతే అది వెనక్కి జరిగి కొంత ఆయిల్‌ను తన వైపు మళ్లించుకుంటుంది. ఆ కాసేపూ ప్లేట్లు పూర్తిగా బిగియక జారుతుంటాయి. కిట్‌లో గట్టి స్ప్రింగులు, కొత్త రేకు లేదా పాతదాన్ని తొలిచే డ్రిల్ బిట్లు, అక్యుములేటర్ కదలికను తగ్గించే ముక్కలు వస్తాయి. ఇక్కడ చెయ్యి నిదానంగా ఉండాలి. 2 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 2.5కు తొలిస్తే వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. ఎక్కువ తొలిస్తే రేకు మార్చుకోవాల్సిందే.

ఎంత త్వరగా మారాలి అన్నదానికి లెక్క ఉంది. ఇంజన్ టార్క్ 300 న్యూటన్ మీటర్లు, గేరు మారేటప్పుడు ఇంజన్ వేగం 1500 ఆర్‌పీఎం తగ్గాలి, తిరిగే భాగాల జడత్వం 0.2 కిలోగ్రామ్ చదరపు మీటర్లు అనుకుందాం. మార్పుకు 0.6 సెకను పడితే ఇంజన్ తోపు వల్ల క్లచ్‌లో పుట్టే వేడి దాదాపు 14 కిలోజౌళ్లు. 0.3 సెకనులో ముగిస్తే 7. తిరిగే భాగాల్లో ఉన్న మరో రెండున్నర కిలోజౌళ్లు ఎలాగూ వేడిగా పోవాల్సిందే, వేగిరపడితే తగ్గేవి కావు. ఇక కుదుపు సంగతి. ఆ భాగాలను నెమ్మదింపజేయడానికి కావలసిన అదనపు టార్క్ 0.6 సెకను దగ్గర సుమారు 50, 0.3 దగ్గర 100, 0.05 దగ్గర 600 దాటుతుంది. మొదట 7 కిలోజౌళ్ల ఆదాకు 50 న్యూటన్ మీటర్ల ఖర్చుతో సరిపోయింది. తర్వాతి 6 కిలోజౌళ్లకు 500 పైన పెట్టాలి. మొదటి బేరం లాభసాటి, రెండోది కాదు.

ఇదంతా కంపెనీ ఇంజనీర్లకు తెలియదా అని అడగొచ్చు. నిక్షేపంగా తెలుసు. కానీ వాళ్లు మెప్పించాల్సింది షోరూమ్ నుంచి బండి బయటికి తీసి పది నిమిషాలు నడిపి చూసే కొనుగోలుదారును. ట్రైలర్ లాగుతూ కొండెక్కేవాడి అవసరం వేరు, అతనికి మెత్తదనం కన్నా చల్లటి ఆయిల్ ముఖ్యం. గట్టి మార్పు యాక్సిల్‌నీ, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లనీ విరుస్తుందన్న అభ్యంతరం బలమైనదే. పై లెక్కలో 600 దాటిన అంకె చెప్పేదీ అదే. కుదుపునే సామర్థ్యంగా పొరబడి ఒత్తిడి పెంచుకుంటూ పోయేవాళ్లు ఉన్నారు, వాళ్లను సమర్థించలేను. పైగా ఒత్తిడి పెంపు ఒక్కటే సరిపోదు. ఫోర్డ్ సీ6లో మూడో గేరు పడాలంటే బ్యాండ్ వదలాలి, క్లచ్ పట్టాలి. రెండూ ఒకేసారి పట్టుకుంటే గేర్‌బాక్స్ బిగదీసుకుంటుంది. రెండూ వదిలేస్తే ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది. అందుకే కిట్‌లో ఒక ముక్క వేసి ఒకటి మానేయడం ప్రమాదం. అప్పటికే కాలిన ప్లేట్లను ఏ కిట్టూ బాగుచేయదు.

కంప్యూటర్ వచ్చాక బేరం షరతులే మారాయి. గేరు మారే క్షణంలో అది స్పార్క్‌ను ఆలస్యం చేసి ఇంజన్ తోపునే తగ్గిస్తుంది. పై లెక్కలోని 300 అప్పుడు 300గా ఉండదు. 2009లో కార్లలోకి వచ్చిన జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల పెట్టె దాదాపు 0.2 సెకనులో, చెప్పుకోదగ్గ కుదుపు లేకుండా గేరు మార్చగలుగుతోంది. ఇలాంటివాటిలో స్ప్రింగు మార్చి గట్టిదనం తేవాలనుకుంటే, తాను నేర్చుకున్న సమయానికి తేడా వచ్చిందని కంప్యూటర్ ఒత్తిడిని మళ్లీ సర్దేయొచ్చు. సాఫ్ట్‌వేర్ సవరణే సరైన దారి. అయితే అల్యూమినియం దిమ్మలో వాల్వులు అటూ ఇటూ జరిగి జరిగి గోడలు అరిగి ఆయిల్ కారిపోతుంటే సాఫ్ట్‌వేర్ చేయగలిగింది తక్కువ. అలాంటప్పుడు ఆ గోడలను కొత్త కొలతకు తొలిచి, దానికి సరిపడే వాల్వులు వేసి, ఒత్తిడి నిలిచేలా చేశాకే మిగతా సవరణల జోలికి వెళ్లాలి.