ఎంబసీలో ఇంటర్న్‌షిప్: మన పిల్లలకు దారుందా?

ఇంట్లో డిగ్రీ అయిపోయిన పిల్లలో, అవబోతున్న పిల్లలో ఉంటే ఈ పేజీ వాళ్ళకి చూపించండి. విదేశాల్లో ఉన్న మన రాయబార కార్యాలయాలు, అంటే ఎంబసీలు, కొన్నిచోట్ల విద్యార్థులను ఒకటి రెండు నెలలపాటు ఇంటర్న్‌లుగా తీసుకుంటాయి. ఈ మాట వినగానే "అదంతా పెద్దోళ్ళ పిల్లల వ్యవహారంలే" అని పక్కన పెట్టేస్తాం. అందులో సగం నిజం ఉంది. ఆ సగం ఎందుకు నిజమైందో, మిగతా సగం మనదెలా అవుతుందో చెబుతాను.

ముందు పని సంగతి. ఇంటర్న్‌లకు రహస్య ఫైళ్ళు ఇవ్వరు. దౌత్య పాస్‌పోర్టూ రాదు. అక్కడి పత్రికల్లో మన దేశం గురించి వచ్చిన వార్తలు చదివి సారాంశం రాయడం, వ్యాపార సమాచారం సేకరించడం, సభలకీ పండగ కార్యక్రమాలకీ ఏర్పాట్లు చూడడం వంటి పనులు చెబుతారు. అయితే ఆ గదుల్లో కూర్చుంటే ప్రభుత్వం ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూడొచ్చు. తర్వాత ఉద్యోగానికి వెళ్ళినా, సివిల్స్ రాసినా ఆ అనుభవం పనికొస్తుంది.

ఎంబసీ అంటే జెండాలు, విందులే కాదు. గల్ఫ్‌లో జీతం ఆగిపోయిన కూలీ, పాస్‌పోర్టు పోగొట్టుకున్న డ్రైవరు, శవపేటిక కోసం ఊళ్ళో ఎదురుచూసే కుటుంబం తట్టేది ఆ తలుపే. ఇలాంటివాళ్ళ కోసమే 2009లో కేంద్రం ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ పెట్టింది. మా నాన్న జనపనార మిల్లులో పనిచేశారు. పి.ఎఫ్. కాగితం కోసం ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మన ఇళ్ళలో పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి పిల్ల అటువైపు బల్ల దగ్గర కూర్చుంటే, కిటికీ ఇవతల నిలబడ్డ మనిషి బాధ తొందరగా అర్థమవుతుంది.

దౌత్యం మనకు ఎంత దగ్గరో నేనుండే వైట్‌ఫీల్డ్‌లోనే కనబడుతుంది. ఇక్కడి ఐటీపీఎల్, 1990లలో పి.వి. నరసింహారావు మన ప్రధానిగా, గో చోక్ తోంగ్ సింగపూర్ ప్రధానిగా ఉన్న కాలంలో రెండు దేశాలూ కలిసి తలపెట్టిన ప్రాజెక్టు. ఎక్కడో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే ఇక్కడ వేలమందికి పని దొరికింది. మిల్లులు మూతపడ్డాక ఊరొదిలి వచ్చిన మనవాళ్ళు కొందరు ఇక్కడి గేట్ల దగ్గరే సెక్యూరిటీ డ్యూటీలు చేస్తున్నారు.

అలాంటి ఒకాయన కూతురు మా వీధిలోనే ఉంది. యూరప్‌లోని ఒక ఎంబసీ నుంచి రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. స్టైపెండ్ లేదు, బస లేదు. లెక్క వెయ్యమని నా దగ్గరకొచ్చారు. విమానానికి రానూపోనూ 65 వేలు, వీసాకీ ఇన్సూరెన్సుకీ 15 వేలు, గదికి లక్షా 10 వేలు, తిండికీ బస్సులకీ 60 వేలు. మొత్తం రెండున్నర లక్షలు. వాళ్ళ నాన్నకి నెలకి 18 వేలు. అంటే ఇంచుమించు పద్నాలుగు నెలల జీతం. "అప్పు చేద్దామమ్మా" అన్నాడాయన. "వద్దు నాన్నా, పని నేను చేసి వడ్డీ నువ్వు కట్టడమేంటి?" అంది ఆ పిల్ల. వెళ్ళలేదు.

ఈ ప్రశ్న ఆ పిల్ల ఒక్కతే అడగలేదు. 2015లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఇంటర్న్‌గా చేరిన న్యూజిలాండ్ కుర్రాడు జీతం లేక టెంటులో ఉంటున్నాడని ప్రపంచమంతా వార్తయింది. విదేశాల్లోని యూరోపియన్ యూనియన్ కార్యాలయాల్లో జీతం లేకుండా పనిచేసిన ఒక ఆస్ట్రియా అమ్మాయి ఫిర్యాదు చేస్తే, అక్కడి అంబుడ్స్‌మన్ ఎమిలీ ఓ'రైలీ ట్రైనీలకు డబ్బు ఇవ్వాల్సిందేనని 2017లో తేల్చి చెప్పారు. అమెరికా విదేశాంగ శాఖ 2022లో తన ఇంటర్న్‌లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. చేసిన పనికి కూలి అడగడం మనకు కొత్త కాదు. గట్టిగా అడిగితే పెద్ద ఆఫీసులూ కదులుతాయి.

మరి మన పిల్లలకు దారేది? ఢిల్లీలోని మన విదేశాంగ మంత్రిత్వ శాఖే ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. నెలకి 10 వేలు గౌరవ వేతనం, రాష్ట్రం నుంచి ఢిల్లీకి రానూపోనూ విమాన ఛార్జీ వాళ్ళదే. బస మాత్రం మనమే చూసుకోవాలి. కాలం ఒకటి నుంచి మూడు నెలలు. డిగ్రీ పూర్తయి ఉండాలి. కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయితే చివరి ఏడాది వాళ్ళూ పెట్టుకోవచ్చు. వయసు 25 దాటకూడదు. రాష్ట్రాలవారీగా ఎంపిక చేస్తారు. వెనుకబడిన 'ఆకాంక్షిత జిల్లాల' పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. జనపనార మిల్లుల విజయనగరం 2018లో ఆ జాబితాలో ఉండేది. మా వీధి పిల్ల ఇప్పుడు దీనికే కాగితాలు సిద్ధం చేసుకుంటోంది.

రెండు జాగ్రత్తలు. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తానని డబ్బడిగే ఏజెంటుని నమ్మొద్దు. ఎంపిక ఉత్తరం రాగానే ఊరంతా చెప్పేముందు ఖర్చు మొత్తం కాగితం మీద వేసుకోండి. స్టైపెండ్ ఉందా, బస ఇస్తారా అని వాళ్ళనే రాసి అడగండి. అడిగినంత మాత్రాన చిన్నతనం కాదు.

ఇంకొక్క మాట. ఫీజు కట్టలేని ఇంట్లో పుట్టిన కె.ఆర్. నారాయణన్ 1945లో లండన్ చదువుకి వెళ్ళగలిగారంటే టాటాల ఆర్థిక సాయం వల్లే. 1949లో విదేశాంగ సర్వీసులో చేరి, రాయబారి అయి, చివరికి రాష్ట్రపతి అయ్యారు. తెలివి ఆయనదే. టికెట్టు డబ్బు మాత్రం సమయానికి ఇంకొకరిచ్చారు. పెళ్ళిళ్ళకీ ఇంటి స్లాబుకీ మనం చీటీలు వేసుకుంటాం. వచ్చే బోనస్ నెలలో పదిమంది కలిసి పిల్లల ప్రయాణానికని ఒక చీటీ మొదలుపెడదాం. ఢిల్లీలో మూడు నెలల గది అద్దెకి అది సరిపోతుంది.