మహిళా కళాశాల బాస్కెట్‌బాల్: జట్టు సామర్థ్యానికి పొసెషన్ కొలమానం

అమెరికా కళాశాలల మహిళా బాస్కెట్‌బాల్‌లో జట్లను ఆటకు సగటు పాయింట్లతో పోల్చడం పరిపాటి. అయితే ఈ సగటు ఆట వేగాన్ని లెక్కలోకి తీసుకోదు. బంతి ఒక జట్టు అధీనంలోకి వచ్చినది మొదలు ప్రత్యర్థికి దక్కేవరకు గల దశను పొసెషన్ అంటారు. ఒక ఆటలో ఇరుజట్లకూ ఇవి దాదాపు సమానం. కనుక సామర్థ్యానికి ఇదే తగిన హారం. 80 పొసెషన్లలో 76 పాయింట్లు చేసిన జట్టు సామర్థ్యం నూరు పొసెషన్లకు 95. 60 పొసెషన్లలో 66 పాయింట్లు చేసిన జట్టుది 110. తక్కువ పాయింట్లు చేసిన రెండవ జట్టే దాడిలో మెరుగైనది.

పొసెషన్ల సంఖ్యను అంచనా వేయడానికి షాట్ యత్నాల నుండి ఆఫెన్సివ్ రీబౌండ్లను తీసివేసి, టర్నోవర్లను, ఫ్రీ త్రో యత్నాలలో 0.475 వంతును కలపడం కళాశాల ఆటల్లో వాడుకలో ఉన్న పద్ధతి. ఈ గుణకం నియమాలపై ఆధారపడుతుంది. 2015-16లో మహిళల ఆట 10 నిమిషాల నాలుగు క్వార్టర్లకు మారినప్పుడు, మొదటి ఫ్రీ త్రో సఫలమైతేనే రెండవది లభించే పద్ధతి తొలగింది. పురుషుల ఆటలో అది కొనసాగింది. ఆ పద్ధతిలో ఒకే విఫలయత్నంతో పొసెషన్ ముగిసే అవకాశం ఉండేది. అది లేనిచోట పాత గుణకాన్నే వాడితే పొసెషన్లు అధికంగా, సామర్థ్యం వాస్తవం కంటే తక్కువగా తేలే ప్రమాదం ఉంది. అందుచేత మహిళల ఆటకు గుణకాన్ని ఆ ఆటల దత్తాంశం నుండే నిర్ణయించడం సముచితం.