పైపు పెట్టి, తీసేయడం

1752 డిసెంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో ఒక వెండి పనివాడి దగ్గరకు వెళ్లి, పని పూర్తయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు. మూత్రాశయంలో రాళ్లతో అవస్థ పడుతున్న అన్న జాన్ కోసం ఆయన చేయించింది మూత్రం బయటికి తీయడానికి, లోపలి వంపులకు తగ్గట్టు వంగే వెండి గొట్టం, అంటే కాథెటర్. మరుసటి శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు నెలటాన్ మెత్తటి రబ్బరు గొట్టాన్ని వాడుకలోకి తెచ్చాడు. మామూలు కాథెటర్‌ను ఇప్పటికీ ఆయన పేరుతోనే అమ్ముతారు.

1930లలో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ గొట్టం చివర చిన్న బుడగ అమర్చాడు. అది ఉబ్బితే గొట్టం జారిపోదు. మన ఆసుపత్రుల్లో "పైపు వేశారు" అంటే ఎక్కువగా ఇదే. ఆపరేషన్ల వేళ దీని మేలు చిన్నది కాదు. రోజుల తరబడి ఉంచితే మాత్రం సూక్ష్మజీవులు దాన్నే పట్టుకుని లోపలికి పాకుతాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికులు ఎందరో మూత్రం ఇన్‌ఫెక్షన్లతోనూ, పడక పుండ్లతోనూ చనిపోయారు. నాజీ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో అలాంటి దెబ్బలు తగిలినవారికోసం ప్రత్యేక విభాగం ప్రారంభించాడు. గొట్టాన్ని లోపల వదిలేయకుండా, పెట్టి మూత్రం దిగాక తీసేసే పద్ధతిని అక్కడ నిలబెట్టాడు. అయితే ఆ పని ప్రతిసారీ క్రిమిరహితంగా, శిక్షణ పొందినవారి చేతులతో జరగాలి. ఇంటికి వెళ్లిన రోగికి అది సాధ్యమా?

సాధ్యమేనని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన యూరాలజిస్టు జాక్ లాపిడెస్ 1972లో రాశాడు. మూత్రాశయం అతిగా నిండితే దాని గోడ సాగి, రక్తప్రసారం తగ్గి, సూక్ష్మజీవులను తట్టుకునే శక్తి పోతుందని ఆయన వాదన. కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కుని, శుభ్రమైన గొట్టంతో, వేళ తప్పకుండా రోగే ఖాళీ చేసుకుంటే చాలు. చాలామంది యూరాలజిస్టులు మొదట నమ్మలేదు. తర్వాత అదే ప్రపంచమంతటా పద్ధతి అయింది. ఈ గొట్టం చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే.

అలాగని చిక్కులు లేవని కాదు. 12 నంబరు గొట్టం మందం 4 మిల్లీమీటర్లు. చివర గుండ్రంగా ఉంటుంది, పక్కన రంధ్రాలుంటాయి. మగవారిలో అది సుమారు 20 సెంటీమీటర్ల వంకర దారి గుండా వెళ్లాలి. మూత్రాన్ని ఆపే కండరం దగ్గర పట్టేసినప్పుడు బలంగా నెడితే గోడ చీలి తప్పుదారి పడుతుంది, రక్తం వస్తుంది. పదేపదే ఇలా గాయపడితే మచ్చ కట్టి నాళం ఇరుకవుతుంది. గొట్టంతోపాటు లోపలికి వెళ్లిన వెంట్రుక చుట్టూ రాయి పేరుకోవచ్చు. వృషణాల దగ్గర వాపూ రావచ్చు. స్వీడన్‌లో 1983లో వచ్చిన, నీటితో జారుడుగా మారే పూత గొట్టాలు నాళంలో రాపిడిని తగ్గించాయి. ధర మాత్రం ఎక్కువ.

వీటన్నిటిలో తరచుగా వచ్చేది ఇన్‌ఫెక్షన్. అయితే పరీక్షలో సూక్ష్మజీవులు కనిపించినంత మాత్రాన, జ్వరమో ఇతర లక్షణాలో లేనప్పుడు యాంటీబయాటిక్ సాధారణంగా అక్కర్లేదు. అనవసరంగా వాడితే మొండి సూక్ష్మజీవులే మిగులుతాయి.

తాటిచెట్టు మీంచి జారి వెన్ను దెబ్బతిన్న గీతకార్మికుల ఇళ్లలో ఈ గొట్టం పరిచితమే. వారి ఇంటివాళ్లకు ఒక విన్నపం. తరచూ పెట్టాల్సి వస్తుందని నీళ్లు తగ్గించకండి. సాధారణంగా రోజుకు నాలుగైదుసార్లు, డాక్టరు చెప్పిన వేళకు మూత్రం తీయండి, ఒక్కసారీ 500 మిల్లీలీటర్లు దాటనివ్వకండి. గొట్టం దిగకపోయినా, చలిజ్వరం వచ్చినా, రక్తం ఆగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.