పెద్దకూరకు మరో పేరెందుకు?

ఆదివారం తెల్లవారకముందే సికింద్రాబాద్‌లోని పెద్దకూర దుకాణాల వీధికి వెళ్లడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. మొన్న వెళ్లినప్పుడు మాత్రం ఎన్నడూ అడగనిది అడిగాను. "అండర్‌కట్ ఉందా భాయ్?" కత్తి నూరుతున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "అది హోటళ్లవాళ్లు రాత్రే చెప్పి పెట్టుకుంటారు సాబ్. మీకు ఎప్పుడూ ఇచ్చే జబ్బ మాంసం ఇవ్వనా?" అన్నాడు. 'మీకు ఎప్పుడూ ఇచ్చే' అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగిపోయింది. ఆయన తప్పేమీ లేదు. మా తాత కాలం నుంచీ మాకు ఎప్పుడూ అందేది అదే.

అండర్‌కట్ అంటే నడుము భాగంలో, వెన్నెముకకు లోపలివైపున అటొకటి ఇటొకటి ఉండే పొడవాటి కండ. పశువు నడిచినా, బరువు లాగినా శ్రమపడేవి కాళ్లు, మెడ, జబ్బలు. ఈ కండకు పెద్దగా పని ఉండదు కనుక మెత్తగా ఉంటుంది. పెద్ద హోటళ్లలో స్టేక్ పేరిట పెనం మీద నిమిషాల్లో కాల్చి వడ్డించేది ఎక్కువగా దీన్నే. శ్రమ చేసిన భాగం గట్టిపడటం ప్రకృతి నియమం. ఆ గట్టి భాగమే తరతరాలుగా శ్రమకులాల గిన్నెలోకి చేరడం మాత్రం ప్రకృతి నియమం కాదు.

1806లో మూడో నిజాం సికందర్ జా పేరిట ఏర్పడిన ఈ కంటోన్మెంటు నగరానికి స్టేక్ కొత్త వంటకం కాదు. తిరుమలగిరి, బొల్లారం బంగళాల్లో ఇంగ్లీషు అధికారుల బల్లల మీద అది ఉండేది. దాన్ని వండిన చేతుల్లో మాల మాదిగల చేతులూ ఉన్నాయి. ఊరి బావిని ముట్టుకోనివ్వని కులంలో పుట్టినవాడు బంగళా వంటగదిలోకి నేరుగా నడిచి వెళ్లగలగడం కంటోన్మెంటు కల్పించిన విచిత్రమైన అవకాశం. మా తాత అలాంటి వంటవాడు. దొర ఇంట్లో ఆయన చేతివంటకున్న పేరు గురించి నాయనమ్మ కథలుగా చెప్పేది. ఆ అండర్‌కట్ రుచి ఎట్లా ఉండేదని అడిగితే మాత్రం, "మీ తాత వాసన చూసి వండేటోడు బిడ్డా, తిని కాదు" అనేది. మా వాడకు వచ్చేవి పిక్కలు, బోటి, తలకాయ, ఎముకలు.

ఇంట్లో స్టేక్ చేసుకోవాలనుకునేవారు ఇక్కడ వంటల పుస్తకం కంటే ముందు చట్టం చదవాలి. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవును, ఆవుదూడను, గేదె పెయ్యదూడను వధించరాదు. ఎద్దునైనా దున్ననైనా గేదెనైనా వధించాలంటే పాడికి, సేద్యానికి, సంతానోత్పత్తికి ఇక పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే చట్టబద్ధంగా మన దుకాణానికి చేరేది బతుకంతా చాకిరీ చేసి అలసిన పశువు. మాంసం కోసమే పెంచి లేతప్రాయంలో కోసే విదేశీ పశువును దృష్టిలో పెట్టుకుని రాసిన వంట విధానం దీనికి సరిపడదు. గేదె మాంసంలో కండల నడుమ కొవ్వు తక్కువ. వయసు పెరిగేకొద్దీ కండలను కట్టి ఉంచే కొల్లాజెన్ మరింత గట్టిపడుతుంది. అలాంటి జబ్బ ముక్కను పెనం మీద రెండు నిమిషాలు కాల్చి తినబోతే మిగిలేది దవడ నొప్పే.

ఆ గట్టిదనాన్ని లొంగదీసే విద్య మా వాడల్లో ఏనాటి నుంచో ఉంది. తడి వేడిలో గంటల తరబడి ఉంటే కొల్లాజెన్ జిగురుగా కరుగుతుందని ఆహారశాస్త్రం చెబుతుంది. నాయనమ్మ పొయ్యిలో నిప్పు సన్నగా ఉంచి, కుండను గంటల తరబడి కదపకుండా వదిలేసేది. పచ్చి బొప్పాయిలోని పపైన్ మాంసకృత్తులను విడగొడుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ఆమె ఆ కాయ ముక్క నూరి పట్టిస్తూనే, ఎక్కువసేపు ఉంచితే మాంసం పిండిపిండి అవుతుందని హెచ్చరించేది. మిగిలిన మాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేది. అవే ఒట్టి తునకలు, వానాకాలపు ఆసరా. ఈ విద్యను పాకశాస్త్రమని ఎవరూ అనలేదు. పేదరికమన్నారు, అంటు అన్నారు.

రెండు వారాల ముందు చెప్పిపెట్టగా పెద్దాయన చివరికి అరకిలో అండర్‌కట్ దాచి ఇచ్చాడు. పైనున్న తెల్లటి పొర తీసేసి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచాను. వధ తర్వాత బిగుసుకున్న కండను చల్లదనంలో దానిలోని ఎంజైములే నెమ్మదిగా సడలిస్తాయి. పీచుకు అడ్డంగా రెండు వేళ్ల మందాన కోసి, ఉప్పు రాసి గంటసేపు ఉంచి, చెమ్మ లేకుండా తుడిచాను. దోసెల ఇనుప పెనం పొగలు కక్కేదాకా కాలాక, నూనె రాసిన ముక్కలు వేసి ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కదపకుండా కాల్చాను. చివర్లో దంచిన మిరియాలు, వెల్లుల్లి, కాస్త వెన్న. దించాక ఐదు నిమిషాలు ఆగి కోశాను. తాత వాసన మాత్రమే చూసిన ముక్కను మూడో తరంలో నేను నోట పెట్టుకున్నాను.

కానీ ఇదంతా చేసింది వంటింటి కిటికీ మూసుకుని.

ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు యజమాని "మాంసం తింటారా?" అని అడిగాడు. "ఆదివారం మటన్" అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు నేను అక్కడే చదువుతున్నాను. హాస్టల్ మెస్సులో మా కూరకూ చోటుండాలన్నది మా కోరిక. ఆ రాత్రి రాళ్లు పడ్డాయి, బాష్పవాయువు కమ్మింది, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురయ్యాడు. అంతమంది ముందు తలెత్తుకుని బిర్యానీ తిన్న నేనే, ఇన్నేళ్ల తర్వాత నా ఇంట్లో నేను దొంగలా వండుకుంటున్నాను. 2015లో దాద్రీలో మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపాక ఆ కిటికీ మరింత గట్టిగా మూసుకుంది.

'కూరతో విముక్తి వస్తుందా?' అని మావాళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చచ్చిన పశువుల మాంసం మానుకోమన్నారు. 1948లో అంటరానివారి మూలాల మీద రాసిన గ్రంథంలో, గొడ్డుమాంస భక్షణకూ అంటరానితనానికీ ఉన్న ముడిని విప్పి చూపి, ఒకనాడు బ్రాహ్మణులూ గోమాంసం తిన్నారని వాదించారు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. గత్యంతరం లేక తినే దుస్థితిని నిరాకరించడం మొదటిది. తిన్నందుకు వెలివేసే తర్కాన్ని నిరాకరించడం రెండోది. కాబట్టి మానేసినవారి నిర్ణయాన్ని గౌరవిస్తాను. తినేవారు పేరు మార్చుకుని తినవలసి రావడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

ఎందుకంటే పేరులోనే కులం ఉంది. అదే గేదె, అదే కండ. ఖరీదైన హోటల్లో తెల్లటి పళ్లెంలో 'టెండర్‌లాయిన్ స్టేక్' అయితే అది అభిరుచి. మా సత్తు గిన్నెలో పెద్దకూర అయితే అది అంటు. దాన్ని కోసిన చేతికీ ఇదే వరస. 2007లో బీసీ-ఇ జాబితాలో చేర్చిన 14 ముస్లిం సమూహాల్లో ఖురేషీలూ ఉన్నారు. మాంసం మెట్లెక్కి పోతుంది. కోసినవాడూ వండినవాడూ కింది మెట్టు మీదే నిలబడి ఉంటారు.

ఆ రోజు పళ్లెంలోకి చూసి మా ఎనిమిదేళ్ల అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇది స్టేకా, పెద్దకూరా?" "రెండూ ఒకటే బిడ్డా" అన్నాను. "మరి బడిలో ఏం చెప్పాలె?" అంది. ఏ పేరు చెబితే దోస్తులు దగ్గరికి జరుగుతారో, ఏ పేరు చెబితే డబ్బా దూరం జరుపుతారో ఆమెకు అప్పటికే తెలుసు. పెద్దకూర అనే చెప్పమని అనబోయి ఆగాను. నేను నలభయ్యేళ్లకు దగ్గరపడీ మోయలేని మాటను ఎనిమిదేళ్ల పిల్ల మీద పెట్టడం న్యాయం కాదు. ముందు నేను చెప్పాలి. మా ఇంటి యజమాని రోజూ ఉదయం చదివేది ఈ పత్రికే.