సోమవారం చేప

ముప్పయ్యో పేజీలో బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి, పుస్తకాన్ని మళ్ళీ తెరవనివాళ్ళు మనలో ఎందరో. ఓపిక చచ్చిపోయిందనో, ఫోను పాడుచేసిందనో తమని తామే తిట్టుకుంటారు. అలాంటివాళ్ళ చేత కూడా ఆఖరిదాకా చదివించగల పుస్తకాల్లో న్యూయార్క్ చెఫ్ ఆంథొనీ బోర్డెయిన్ జ్ఞాపకాలు ఒకటి. పేరు ‘కిచెన్ కాన్ఫిడెన్షియల్’, వచ్చింది 2000లో. భాష తేలిక, నిండా మసాలా కబుర్లు, అందుకే చదివిస్తుందని చాలామంది అంటారు. ఆ కారణం నాకు చాలదు. మసాలా పుస్తకాలూ సగంలో మూలపడుతూనే ఉంటాయి. ఈ పుస్తకం బలం వేరు: ప్రతి నాలుగైదు పేజీలకీ ఏదో ఒక పని ఎలా జరుగుతుందో, ఎందుకలా జరుగుతుందో మొదలంటా చెప్పి వదులుతుంది. పదిహేను నిమిషాలే చదివినా పాఠకుడు వట్టి చేతులతో లేవడు.

ఎంతో పేరుపడ్డ సోమవారం చేప సంగతే చూడండి. సోమవారం హోటల్లో చేప తినకండి అని సలహా పారేసి ఊరుకుంటే అది ఎవరైనా చెప్పే మాటే. బోర్డెయిన్ సరుకు లెక్క విప్పుతారు. చెఫ్ గురువారం ఆర్డరిస్తే శుక్రవారం పొద్దున చేపలు దిగుతాయి. శుక్ర, శనివారాల రద్దీలో చాలావరకు చెల్లిపోతాయని చెఫ్ ఆశ. వారాంతంలో కొత్త సరుకు రాదు. మిగిలిన ముక్కలు వంటవాళ్ళు క్షణానికోసారి తలుపు తీసే ఫ్రిజ్‌లో సోమవారం దాకా పడి ఉంటాయి. గొడ్డుమాంసం బాగా కాల్చి తెమ్మనే గిరాకీ కోసం గట్టి ముక్కను పక్కన పెట్టి ఉంచడం కూడా ఇలాంటిదే. అంత కాలాక తేడా తెలియదని వంటవాళ్ళ ధీమా. ఇవి వింటే అసహ్యం పుట్టాలి. కానీ చిక్కుముడి విప్పినప్పటి సంతోషమే ఎక్కువ కలుగుతుంది. ఇంత ఇదిగా నడిపే కారణకార్యాల కథ చాలా నవలల్లో కనబడదు.

ఈ పుస్తకం ఎవరి కోసం పుట్టిందో చూస్తే ఇంకొంచెం అర్థమవుతుంది. దీనికి మూలమైన వ్యాసాన్ని ఆయన మొదట రాసింది ఊళ్ళో ఉచితంగా పంచే ఒక వారపత్రిక కోసం, తోటి వంటవాళ్ళు చదివి నవ్వుకోవాలని. అక్కడ అచ్చు కాకుండా వాయిదా పడుతూ వచ్చి, చివరికి 1999 ఏప్రిల్‌లో ‘న్యూయార్కర్’లో వెలువడింది. అప్పటికే రెండు నేర నవలలు రాసినవారు కాబట్టి ఆయన్ని కలం పట్టడం తెలియని వంటవాడనుకుంటే పొరపాటు. కానీ ఎదురుగా ఊహించుకున్న పాఠకుడు మాత్రం పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడి వచ్చిన మనిషి. అలాంటివాడికి నాన్చి చెబితే నిద్రపోతాడు. అందుకే పుస్తకం కూడా హోటలు మెనూలా విడతలు విడతలుగా వస్తుంది. పనిలోకి దిగేముందు సిద్ధం చేసుకునే సరంజామాను ఆ వంటిళ్ళలో ‘మీజ్’ అంటారు: మెత్తబడిన వెన్న, ఉప్పు, మిరియాలు, నూనె, వైన్, తరిగిన ఆకులు, కళ్ళు మూసుకున్నా చేతికి తగిలేలా ఎక్కడివి అక్కడ. మరొకడి మీజ్ ముట్టుకుంటే గొడవే. పొయ్యి వెలగకముందే తరుగుడు ముగియాలనే మన పెళ్ళివంటల మేస్త్రీలకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. బోర్డెయిన్ వాక్యాల్లోనూ ఆ పద్ధతే ఉంది, వెతుక్కునే పని పాఠకుడికి పెట్టరు.

ఇదంతా కాలక్షేపమేగానీ సాహిత్యమా అని పెదవి విరిచేవారికి జార్జ్ ఆర్వెల్‌ని గుర్తుచేయాలి. పారిస్ హోటళ్ళలో గిన్నెలు తోమిన అనుభవాన్ని ఆయన 1933లోనే పుస్తకంగా రాశారు. బోర్డెయిన్‌కు అదంటే గౌరవం. పనిని దగ్గరనుంచి చూపించడం చిన్న రచన అనడానికి ఆధారమేదీ నాకు కనబడదు. దీనికంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. బూతులు, మత్తుమందులు, మగతనపు హంగామా ఇందులో వీరగాథలా సాగుతాయి. ఆ మాట కాదనలేం. ఆ ధోరణికి తన పుస్తకమూ ఊతమిచ్చిందని 2017లో బోర్డెయినే బహిరంగంగా బాధపడ్డారు. మరుసటి ఏడాది చనిపోయారు. చదివించే గుణం ఉన్నంత మాత్రాన చెప్పిందంతా ఒప్పు కాదు. నిజానికి, హాయిగా చదివించే పుస్తకం దగ్గరే కాస్త ఎక్కువ అనుమానం ఉంచుకోవాలి.

విడి విడి ముక్కలుగా రుచించేదాన్ని అసలు పూర్తి చేయడం దేనికని కూడా అడగొచ్చు. నచ్చిన అధ్యాయం చదివి మూసేస్తే నష్టమేముంది? చాలా పుస్తకాల విషయంలో ఏమీ లేదంటాను. ఇక్కడ మాత్రం ఉంది. అరుపులు, తిట్లు, కాలిన చేతులు లేనిదే వంటిల్లు నడవదని వందల పేజీలు నమ్మబలికాక, చివర్లో ఆయన స్కాట్ బ్రయన్ అనే చెఫ్ వంటింట్లోకి తీసుకెళతారు. అక్కడ ఎవరూ కేకలు వేయరు. హడావిడి లేదు, వంటవాళ్ళు ప్రశాంతంగా తమ పని చేసుకుపోతుంటారు, ప్లేట్లు వేళకు వెళుతుంటాయి. తాను అంతదాకా చెప్పినదానికి ఇక్కడ చుక్కెదురని బోర్డెయిన్ దాచుకోరు. ముప్పయ్యో పేజీలో ఆగినవాడి దగ్గర మాత్రం ఆ అరుపులే మిగులుతాయి.