మోకాలిచిప్ప సాక్ష్యం

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టేవాణ్ణి చూసి మనం నవ్వుతాం. కాని ఒక్క మోకాలిచిప్పను చేతికిస్తే అది ఆడమనిషిదో, మగవాడిదో చెప్పేవారున్నారంటే నవ్వకండి. వారి మాట నూటికి ఎనభై సార్లకు పైగా నిజమవుతూంటుంది.

ఏ అడవిలోనో, కూలిన ఇంటికిందో ఒక అస్థిపంజరం బయటపడిందనుకోండి. మొట్టమొదట తేలవలసింది, ఆడా, మగా అన్నది. ఆ ఒక్కటీ తేలితే తప్పిపోయినవారి జాబితాలో దాదాపు సగం పేర్లు పక్కన పెట్టవచ్చు. కటి ఎముకలు దొరికితే పేచీయే లేదు. కాన్పుకు అనువుగా ఉండాలి గనక స్త్రీల కటి వెడల్పుగా ఉంటుంది. అవి లేకపోతే పుర్రె. కాని నక్కలూ, నిప్పూ, వానా వాటిని సరిగ్గా మిగల్చవద్దూ! మోకాలిచిప్ప చిన్నదైనా గట్టిపిండం. పెద్ద ఎముకలు చితికిపోయినచోట కూడా ఒక్కొక్కప్పుడు చెక్కుచెదరకుండా దొరుకుతుంది.

ఈ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మాయి వెంటనే కుట్టుమిషను దగ్గరి టేపు తెచ్చి మా అందరి మోకాళ్ళూ కొలిచింది. అలా కుదరదు సుమా! మాంసం, చర్మం లేని ఎండిన ఎముక కావాలి. దాని పొడవు, వెడల్పు, మందం కాలిపర్స్‌తో మిల్లీమీటర్లలో తీస్తారు. మగవారిది సగటున కొద్ది మిల్లీమీటర్లు పెద్దది, అంతే తేడా. అందుకే ఒక్క కొలతను నమ్మరు. ఒక్కొక్క కొలతనూ దానికి నిర్ణయించిన అంకెతో హెచ్చవేసి, అన్నీ కూడి, వచ్చిన మొత్తం గీతకు ఇవతల ఉందా, అవతల ఉందా అని చూస్తారు. 1998లో ఇటలీలో 40 మంది పురుషుల, 40 మంది స్త్రీల కుడి మోకాలిచిప్పలతో ఇలా లెక్కకడితే నూటికి దాదాపు 84 సరిపోయాయి.

ఇటలీ గీత మనకు పనికిరాదు. ఒక దేశపు దిట్టమైన స్త్రీ ఎముక ఇంకో దేశపు సన్నపాటి పురుషుడి ఎముకంత ఉండవచ్చు. ఏ దేశస్థుల గీత వారికి వేరే గీసుకోవలసిందే. పసిపిల్లల విషయంలో ఈ విద్య అసలే సాగదు. పుట్టినప్పుడు మోకాలిచిప్ప మెత్తని మృదులాస్థి. అది ఎముకగా మారడం మొదలయ్యేది సుమారు మూడో ఏటినుంచి.

మరి ఆ మిగిలిన పదహారు? నాకు భయం వేసేది వాటిని తలచుకునే. కూతురికోసం ఎదురుచూసే తల్లికి, దొరికింది ఎవరో మగవాడి ఎముకలంటే ఆ ఎదురుచూపు ఎన్నటికి తీరేను? అందుకే వీలున్నచోట డి.ఎన్.ఎ. పరీక్ష కూడా చేయిస్తారు.

ఆ వీలు లేని కాలపు కథ ఒకటుంది. విమాన చోదకురాలు అమీలియా ఎయిర్‌హార్ట్ 1937 జూలై 2న పసిఫిక్ మహాసముద్రం మీద మాయమైంది. 1940లో నికుమరోరో దీవిలో కొన్ని ఎముకలు దొరికాయి. మరుసటి ఏడు ఫిజీలో డాక్టర్ హూడ్లెస్ వాటిని కొలిచి, పురుషుడివన్నాడు. 2018లో రిచర్డ్ జాంట్జ్ అనే అమెరికన్ ఆచార్యుడు ఆ పాత అంకెలనే కొత్త పద్ధతిలో లెక్కించి, అవి ఎయిర్‌హార్ట్ దేహానికే బాగా సరిపోతున్నాయన్నాడు. ఒప్పుకోనివారూ ఉన్నారు. మళ్ళీ కొలిచి చూద్దామంటే ఆ ఎముకలు లేవు. ఫిజీలో ఎప్పుడో పోయాయి. మిగిలినవి హూడ్లెస్ కాగితం మీద వేసుకున్న అంకెలే.